ఆరో సీటు

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. రామంతాపూర్‌లో ఓ అద్దె ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చున్నాం. ఇంటర్ చదివే అమ్మాయి చేతిలో ఫోను. ఆమె భుజాల మీదుగా నాలుగు తలకాయలు వంగి చూస్తున్నాయి. తెర మీద సీట్ల పటం, గళ్ళు గళ్ళుగా. సంక్రాంతికి వచ్చిన సినిమా. టికెట్ పెంపు గడువు అయిపోయేదాకా ఈ ఇల్లు ఓపిక పట్టింది. ఇప్పుడు మామూలు ధరకు దిగింది. మల్టీప్లెక్స్‌లో మామూలు ధరంటే 295 రూపాయలు.

"ఎన్ని కొట్టాలె డాడీ?"

తండ్రి వెంటనే చెప్పడు. పొద్దుటి నుంచీ ఆయన తలలో ఇదే లెక్క నడుస్తోంది. ఆరుగురికి 1,770. ఫోన్లో కొంటే టికెట్‌కింత అని సర్వీసు రుసుము వేరే. నాలుగేళ్ళ చిన్నోడికీ పూర్తి టికెటే. వాడు సగం సినిమా అమ్మ ఒళ్ళోనే నిద్రపోతాడని ఇంట్లో అందరికీ తెలుసు.

వంటగది గుమ్మం దగ్గర నుంచి గొంతు వినపడుతుంది. "నాకు మోకాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. అంతసేపు కూసోలేను. మీరు పోయిరాండ్రి."

ఎవరూ ఎవరి మొహమూ చూడరు. పొద్దున ఈ నాయనమ్మే రెండుసార్లు మేడెక్కి బట్టలు ఆరేసి వచ్చింది. అమ్మాయి వేలు కాసేపు ఆగి, ఐదు మీద నొక్కుతుంది. 1,475.

టికెట్లు పిరమైతే జనం సినిమాలు మానేస్తారని అంటుంటారు. మానరు. ముందు మనుషుల్ని తగ్గించుకుంటారు. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పి వస్తుంది. ఇంకో సినిమా నాటికి ఇంటి ఇల్లాలికి పని తెమలదు. ఆ తర్వాత పిల్లలు తమ దోస్తులతో పోయొస్తారు, పెద్దవాళ్ళు నెల తర్వాత టీవీలో చూస్తారు. ఆ ఇంట్లో అందరూ సినిమా చూసినట్టే లెక్క. కానీ కలిసి నవ్వింది ఎవరూ లేరు. నాకు బాధ కలిగించేది ఇదే. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. డెబ్బయ్యేళ్ళ మనిషి పక్కన కూర్చుని మనవడు సినిమా చూసే రోజులు ఎన్నో ఉండవు.

నాలుగున్నరకు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూసి కండక్టరమ్మ తల్లికీ కూతురికీ జీరో టికెట్లు చింపి ఇస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. చిన్నోడికి ఐదేళ్ళు నిండలేదు కనుక వాడికీ టికెట్ లేదు. తండ్రి తనకూ, ఎనిమిదో తరగతి కొడుక్కూ మాత్రం డబ్బులిస్తాడు. ఇల్లంతా కలిసి బయటికి వెళ్ళడానికి ఈ సాయంత్రం మొత్తంలో ఎవరైనా చేయి అందించారంటే అది ఈ బస్సే. నాయనమ్మకూ జీరో టికెట్టే దొరికేది.

మాల్‌లో నాలుగో అంతస్తు. ఎస్కలేటర్ దిగగానే తనిఖీ. మగవాళ్ళు ఒక వరుస, ఆడవాళ్ళు ఒక వరుస. తెర చాటున కూర్చున్న సెక్యూరిటీ అమ్మాయి తల్లి సంచీ జిప్పు లాగి చెయ్యి పెడుతుంది. స్టీలు డబ్బా బయటికి వస్తుంది. మూత తీస్తుంది. సకినాలు. పండక్కి నాయనమ్మ చేసినవి. తడి బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, నేల మీద గుడ్డ పరిచి, పిండిని వేళ్ళ మధ్య నుంచి సన్నగా జారుస్తూ చుట్టు మీద చుట్టు తిప్పి, ఆరాక నూనెలో వేసి తీసినవి. ఆ మోకాళ్ళతో అంతసేపూ నేల మీదే కూర్చుంది ఆమె. ఇంటర్వెల్‌లో తింటారని పొద్దున విరగనివి ఏరి మరీ డబ్బాలో సర్దింది.

"ఇవి లోపటికి రావక్కా."

"ఇంట్ల చేసినయే అమ్మా. వాసన కూడ రావు."

"తెలుసక్కా. మా అమ్మ కూడ చేసింది. మా చేతిల లేదు."

పక్కన ఓ బల్ల. దాని మీద అప్పటికే సగం తిన్న బిస్కెట్ పొట్లం, మురుకుల కవరు, నారింజపండ్లు రెండు, ఎవరిదో టిఫిన్ బాక్సు. ఈ స్టీలు డబ్బా వాటి పక్కన చేరింది. ఒక టోకెన్ ఇచ్చారు. పోయేటప్పుడు తీసుకోవాలట. తల్లి ఆ టోకెన్‌ను పర్సులో దాచుకుంటూ ఒక్క మాటా అనలేదు. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. ఆమెకు వచ్చే జీతంతో ఆ తలుపుకు అవతల ఇంటిల్లిపాదితో సినిమా చూడటం ఆమె వల్లా కాదు.

బయటి తిండి వద్దనే హక్కు థియేటర్లకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న తేల్చేసింది. థియేటర్ వాళ్ళ సొంత ఆస్తి, కొనమని ఎవరూ బలవంతం చేయడం లేదు కదా అన్నది అందులోని వాదం. అదే తీర్పులో రెండు మేళ్ళున్నాయి. మంచినీళ్ళు ఉచితంగా పెట్టాలి. పసిపిల్లల కోసం తెచ్చే తిండిని ఆపకూడదు. కొనడం, కొనకపోవడం మన ఇష్టమేనన్నది కాగితం మీద నిజమే. కానీ పక్క సీట్లో పిల్లాడు తింటుంటే నాలుగేళ్ళవాడికి ఆ ఇష్టం గురించి ఎవరు నచ్చజెబుతారు?

లోపల వెన్న వాసన ముందు తగులుతుంది. కౌంటర్ పైన తెరల మీద పాప్‌కార్న్, నాచోస్, కూల్‌డ్రింక్ బొమ్మలు. ధరలు కింద చిన్న అక్షరాల్లో. తండ్రి కళ్ళు చికిలించి చదువుతాడు. పెద్ద టబ్ టికెట్‌ను దాటిపోయింది. థియేటర్‌లో అమ్మే తిండి మీద జీఎస్టీని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ 5 శాతమేనని ఖాయం చేసింది. అంటే ఈ ధర పన్ను వల్ల పెరిగింది కాదు. టికెట్ డబ్బుల్లో పన్ను పోగా మిగిలినదాన్ని థియేటర్, పంపిణీదారుతో పంచుకోవాలి. మల్టీప్లెక్స్‌లో మొదటి వారం దాదాపు సగం అటు పోతుంది. తిండి మీద వచ్చింది మాత్రం ఎవరికీ పంచక్కర్లేదు. అద్దె, కరెంటు, ఏసీ అన్నీ ఆ టబ్ మీదే లాగాలని చూస్తారు. వ్యాపారంగా చూస్తే అర్థం కానిదేం కాదు. కానీ దాని బరువంతా పిల్లలున్న ఇంటి మీదే పడుతుంది. జంటగా వచ్చినవాళ్ళు కొనకుండా లోపలికి పోగలరు. చిన్నోడు అప్పుడే కౌంటర్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

ఒక టబ్ కొన్నారు, ఐదుగురికీ. తల్లి మాత్రం మూలన ఉన్న నీళ్ళ యంత్రాన్ని కనిపెట్టింది. మరుగుదొడ్ల దారిలో, వెతికితే తప్ప కనపడని చోట. కాగితం గ్లాసులు అయిపోయాయి. అమ్మాయి పోయి అడిగి తెచ్చింది.

హాల్లో దీపాలింకా వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద ప్రకటనలు. తండ్రి లేచి నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. మనమూ చూద్దాం. మూడో వారం, ఆదివారం ఫస్ట్ షో. ముందు నాలుగు వరుసలు ఖాళీ. మధ్యలోనూ అక్కడక్కడా ఖాళీ. మన వరుసలోనే చిన్నోడి పక్కన ఆరో సీటు ఖాళీగా ఉంది. ఆట ముగిసేదాకా దానిలో ఎవరూ కూర్చోరు. ఆ సీటు మీద థియేటర్‌కూ, నిర్మాతకూ, సర్కారుకూ పైసా రాలేదు. రామంతాపూర్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఒక్కతే ఉంది.

ఈ టికెట్ ధర ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో టికెట్ 100 నుంచి 250 దాకా, పైన జీఎస్టీ. 250కి 18 శాతం కలిపితే 295. ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్‌లో 50 నుంచి 150 దాకా. గరిష్ఠం పన్నుతో కలిపి 177. అంటే కింది గడప కూడా ఆ జీవోలోనే ఉంది. మూడో వారంలో ఇదే సీటును 150కి అమ్మినా ఎవరూ అడ్డుపడరు. కానీ పెద్ద సినిమా అనగానే పై గడప మీదే కూర్చుంటారు. అదీ చాలదని విడుదలకు ముందు పెంపు కోసం సర్కారుకు దరఖాస్తు పెడతారు. 2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్'కు మొదటి మూడు రోజులూ మల్టీప్లెక్స్‌లో 413. 2024 జూన్‌లో 'కల్కి'కి అదే 413, ఈసారి ఎనిమిది రోజులు. ఆ డిసెంబర్‌లో 'పుష్ప 2' ముందురోజు రాత్రి ఆటకు అదనంగా 800, పన్నుతో కలిపి 1,239. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో, కుటుంబంతో కలిసి సినిమాకు వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఇకమీదట ప్రత్యేక ఆటలూ పెంపులూ ఉండవని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. నెల తిరక్కుండానే 2025 జనవరిలో మరో సినిమాకు పెంపు ఇచ్చారు, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకున్నారు.

ధర మరీ నేలకు దించితే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. 2021లో 35వ నంబరు జీవోతో పల్లెల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలన్నారు. నడపలేక హాళ్ళకు తాళాలు పడ్డాయి. 2022 మార్చిలో 20 నుంచి 250 దాకా కొత్త ధరలు పెట్టాల్సి వచ్చింది. అందుకే అంతా చౌక చేయమని నేను అడగను. పెంపు ఇచ్చిన రోజుల్లో కూడా ప్రతి ఆటలో కొన్ని వరుసలు మామూలు ధరకు ఉంచండి. వారం గడిచి సీట్లు ఖాళీగా పడి ఉంటే తెలంగాణ జీవోలోని కింది ధరల వైపు రండి. ఇంతకంటే పెద్ద కోరిక కాదిది. ఒకప్పుడు ఒకే కప్పు కింద నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఉండేవి. రిక్షా లాగేవాడూ, ఊరి కరణమూ ఒకే ఆట చూసేవారు, జేబును బట్టి చోటు మారేది అంతే. ఇప్పుడు మెడ పట్టేసే మొదటి వరుసకూ అదే ధర.

అప్పట్లో ఇంకో వెసులుబాటు కూడా ఉండేది. ఆగడం. సినిమా యాభై రోజులో, వంద రోజులో ఆడేది. రద్దీ తగ్గాక, జీతం వచ్చాక, చుట్టాలు వచ్చినప్పుడు తీరిగ్గా పోయేవాళ్ళు. పట్నంలో అయిపోయిన బొమ్మ ఊళ్ళోకి వచ్చేసరికి ఇంకా చౌక. బీదింటికి ఆ ఓపికే రాయితీ. ఇప్పుడు సినిమా బతికేదే రెండు మూడు వారాలు. అందులో మొదటి వారం పెంపు ధర. ఆగేవాళ్ళకు మిగిలేది రెండు ఆదివారాలు, ఆ తర్వాత ఓటీటీ. జనం రాక 2024 మేలో తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకున్నాయి. ఐపీఎల్, ఎన్నికలు, పెద్ద సినిమాలు లేకపోవడం అని కారణాలు చెప్పారు. ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూసే అలవాటును జనం వదిలేసుకున్న సంగతి కూడా ఆ కారణాల పక్కన రాయాల్సింది.

దీపాలారాయి. హీరో వచ్చాడు, ఈలలు పడ్డాయి. అరగంట పోయాక తెర మీద ఒక ముసలాయన, కోడలికి తెలియకుండా బెల్లం డబ్బా వెతుక్కునే సన్నివేశం. హాలంతా గొల్లున నవ్వింది. చిన్నోడు నిద్రపోలేదు. సీట్లో మోకాళ్ళ మీద లేచి, ఖాళీ సీటు మీదుగా వంగి, "మన నాయనమ్మ లెక్కనే!" అని అరిచాడు. తల్లి నవ్వుతూనే వాడి నోరు మూసింది. నవ్వు ఆగాక తండ్రి వైపు వంగి, "అత్తమ్మ ఉంటే ఇది మూడ్రోజులు చెప్పుకునేది" అంది. ఆయన తల ఊపి మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఆ తర్వాతి పాట ఆయన చూశాడో లేదో నాకు అనుమానమే.

తొమ్మిదింపావుకు బయటపడ్డాం. బల్ల దగ్గర టోకెన్ ఇచ్చి డబ్బా తీసుకున్నారు. బస్టాపులో నిలబడే సకినాలు పంచుకున్నారు. పక్కన నిలబడ్డ ముసలాయనకూ రెండు పెట్టింది తల్లి. తండ్రి వంద మాటలాడే మనిషి కాదు. అయినా ఇప్పుడు ఆయనే మొదలుపెట్టాడు.

"ఎండాకాలం సెలవులల్ల ఇంకోటి చూద్దాం. అందరం."

అమ్మాయి అప్పటికే ఫోన్ తీసింది. "క్రాస్‌రోడ్స్‌ల అయితే 177 డాడీ. ఆరుగురికి 1,062."

"పెంపు ఇస్తే?"

"పెంపు అయిపోయినంక పోదాం."

"అప్పటిదాక ఉంటదా ఆ బొమ్మ?" అని కొడుకు.

తల్లి డబ్బా మూత బిగించింది. "చిన్న సినిమాకు పోదాం. పెద్దదే చూడాలని మనకు ఎవలు చెప్పిన్రు? మార్నింగ్ షోకు పోతే అన్నం ఇంటికొచ్చే తింటం, ఆ డబ్బా తగులాటమే ఉండదు. అత్తమ్మను మాత్రం అడుగొద్దు. అడిగితే మోకాళ్ళంటది. టికెట్లు తీసినంకనే చెప్పుండ్రి."