ఓరుగల్లు పడిపోయాక రేకపల్లి లేచింది

పదమూడో శతాబ్దం తొలినాళ్లలో ఆసియాలో రెండు రాజ్యాలు నీటిని నమ్ముకుని పెరిగాయి. కంబోడియాలో అంగ్‌కోర్, తెలుగునేలలో కాకతీయుల ఓరుగల్లు. అంగ్‌కోర్ పాలకులు పదకొండో శతాబ్దంలోనే దాదాపు 8 కిలోమీటర్ల పొడవున పశ్చిమ బరాయ్ అనే జలాశయం కట్టించారు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించారు. కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ పాత ఖమ్మం జిల్లాలోని బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం కట్టించింది. కాకతీయుల మూలపురుషుడు వెన్నడని మనకు చెప్పింది ఆ చెరువు శాసనమే.

రెండు రాజ్యాలూ పతనమైన తీరు మాత్రం వేరు. 14, 15 శతాబ్దాల్లో కరువులు, కుండపోత వానలు ఒకదాని వెంట ఒకటి వచ్చి అంగ్‌కోర్ కాలువలను ఛిద్రం చేశాయి. 1431లో అయుత్తయ సేనలు నగరాన్ని పట్టుకున్నాయి. ఓరుగల్లుకు ముప్పు ఢిల్లీ నుంచి వచ్చింది. 1303లో వచ్చిన సైన్యం ఓడి వెనుదిరిగింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌కు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు కప్పం కట్టాడు. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన ప్రాణాలు విడిచాడని విలస తామ్రశాసనం చెబుతోంది.

కథ అక్కడితో ముగియలేదు. ఢిల్లీ పాలనపై తిరగబడిన ముసునూరి ప్రోలయ నాయకుడు భద్రాచలం దిగువన, గోదావరి ఒడ్డున కొండల నడుమ ఉన్న రేకపల్లిని రాజధాని చేసుకున్నాడు. మైదానంలో దొరల కోటలు లొంగిపోయిన కాలంలో నదీ అడవీ ఆయనకు రక్షణ అయ్యాయి. ఆయన తర్వాత కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి గెలిచాడు. గోదావరి ఆవల బస్తర్ రాజులు తమ వంశం ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజుతో మొదలైందని 1703 నాటి దంతెవాడ శాసనంలో రాయించుకున్నారు.

రాజ్యాలు పెద్ద రాజధానుల్లోనే బతుకుతాయని మన పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. రేకపల్లి చరిత్ర దాన్ని కాదంటోంది. వరరామచంద్రపురం మండలంలోని ఈ ఊరు 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్న మనం, ఓడిన తెలుగువాళ్లు మళ్లీ లేచి నిలబడిన చోటును నీళ్లకు వదిలేయకూడదు. రేకపల్లి పరిసరాలను పురావస్తు శాఖ ఊరూరా సర్వే చేయాలి. ఆ పని నీళ్లు రాకముందే జరగాలి.