ఇడ్లీ పిండి: రోటి నుంచి పచారీ కొట్టు దాకా

తెలుగు ఇళ్లలో ఇడ్లీ తయారయ్యే తీరు మారుతూ వచ్చిన క్రమాన్ని పరిశీలిస్తే, దుకాణంలో దొరికే సిద్ధ పదార్థాలు వంటింటి శ్రమను ఏ వరుసలో తగ్గించాయో స్పష్టంగా తెలుస్తుంది. నానబెట్టడం, పొట్టు కడగడం, రుబ్బడం, పులియబెట్టడం, ఆవిరి మీద ఉడికించడం అనే ఐదు దశల్లో చివరిది తప్ప మిగిలినవన్నీ ఈనాడు ఇంటి బయటే జరిగిపోవచ్చు. అయితే అవి ఒక్కసారిగా బయటికి వెళ్లలేదు, ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో కారణం చేత వెళ్లింది. వీటిలో నానడం, పులియడం కాలం చేసే పనులు. కడగడం, రుబ్బడం మనుషులు, దాదాపు ఎప్పుడూ ఆడవారే, చేస్తూ వచ్చిన పనులు. ఈ రెండు రకాలనూ వేరు చేసి చూడకపోతే సులభ వంట వల్ల వంటింటికి ఏది కలిసివచ్చిందో, ఏది చేజారిందో తేల్చడం సాధ్యం కాదు.

ఇడ్లీని పోలిన పేరు కన్నడ వాఙ్మయంలో చాలా ముందుగానే కనిపిస్తుంది. సుమారు క్రీ.శ. 920 నాటిదని చెప్పే శివకోట్యాచార్యుని 'వడ్డారాధనె'లో ఇడ్డలిగె అనీ, పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో ఇడ్డరిక అనీ దాని ప్రస్తావన ఉంది. ఈ పాత వర్ణనల్లో మినప్పిండి ఉన్నా, దానికి బియ్యపు నూక కలపడం, రాత్రంతా పులియబెట్టడం, ఆవిరిపై ఉడికించడం కనిపించవని ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ గమనించాడు. ఒక్క మినప్పప్పుతోనే చేసే ఆవిరి కుడుము ఆంధ్ర ప్రాంతంలో నేటికీ వాడుకలో ఉంది. గిన్నె మూతికి వాసెన, అంటే తడి గుడ్డ, బిగించి కట్టి, లోపల మరిగే నీటి ఆవిరి మీద పిండిని ఉడికించే ఆ పద్ధతి గుంటల పళ్లేలున్న ఇడ్లీ పాత్ర రాకముందు ఇళ్లలో సాగిన వంటను ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

తమిళ దేశంలో ఇడ్లీకి బియ్యాన్ని నానబెట్టి రుబ్బుతారు. తెలుగు ఇళ్లలో మాత్రం ఎక్కువగా మినప్పప్పును రుబ్బి అందులో బియ్యపు రవ్వను కలుపుతారు. కప్పు పప్పుకు రెండు కప్పుల రవ్వ అనేది ఇళ్లలో సాధారణంగా పాటించే కొలత. రవ్వను రుబ్బవలసిన పని లేదు, నానబెట్టి, రెండు మూడు నీళ్లు కడిగి, పిడికిట గట్టిగా పిండి కలిపితే చాలును గనుక రుబ్బుడు భారంలో పెద్ద భాగం ఈ పద్ధతిలోనే తగ్గిపోయింది. తెలుగు వంటకు చెందిన ఈ తెలివికి దక్కవలసినంత పేరు దక్కలేదు. అయితే ఒకప్పుడు ఆ రవ్వను కూడా ఇంట్లోనే బియ్యం కడిగి ఆరబోసి తిరగలిలో విసురుకోవలసి వచ్చేది. కోస్తాలో పిండిమర, తెలంగాణలో గిర్ని అని పిలిచే మరలు విస్తరించాక విసురుడు వాటికి మారింది, ఆ తరువాత ఇడ్లీ రవ్వ అనే పేరుతోనే సరుకు పచారీ కొట్టుకు చేరింది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యంతో తీసిన రవ్వ, పచ్చి బియ్యపు రవ్వ అనే రెండు రకాలూ అంగళ్లలో దొరుకుతాయి.

రవ్వ తరువాత తగ్గిన శ్రమ పొట్టు కడగడం. పొట్టు మినప్పప్పును నాలుగైదు గంటలు నానబెట్టి, రెండు అరచేతుల మధ్య పిసికి, నీళ్లు పోసి, పైకి తేలిన నల్లని పొట్టును పప్పు జారకుండా వంచి పారబోయాలి. పొట్టు పూర్తిగా వదలడానికి అలా ఎన్నోసార్లు చేయవలసి వస్తుంది, చలికాలపు తెల్లవారుజామున ఆ నీటిలో వేళ్లు కొంకర్లు పోతాయి. పొట్టు తీసిన మినపగుళ్లు కిలోల లెక్కన అమ్మకానికి వచ్చాక ఈ పని దాదాపు అంతరించింది. చూడటానికి చిన్న సరుకే అయినా, వంటింట్లో ఒక మనిషికి ప్రతిసారీ అరగంట మిగిల్చిన సరుకు అది.

రుబ్బడం అన్నిటికన్నా బరువైన పని. రుబ్బురోలులో ఒక చేత్తో పొత్రాన్ని తిప్పుతూ, రెండో చేత్తో అంచులకు ఎగబాకే పిండిని లోపలికి తోస్తూ, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ, చిటికెడు పిండిని నీటిలో వేస్తే తేలేంత గుల్లబారే దాకా కూర్చోవాలి. మినుముల్లోని మాంసకృత్తులూ జిగురు పదార్థమూ గాలిని పట్టి ఉంచడం వల్లనే పిండి అలా తేలుతుంది, ఇడ్లీ మెత్తదనమంతా ఆ గాలిలోనే ఉంటుంది. కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి రూపొందించిన విద్యుత్ గ్రైండరు ఈ రాతి పనిని మోటారుకు అప్పగించింది. 1960 దశకంలో సత్యప్రకాశ్ మాథుర్ భారతీయ వంటకు అనువుగా తయారు చేసిన సుమీత్ మిక్సీతో మొదలై క్రమంగా మధ్యతరగతి ఇళ్లను చేరిన మిక్సీలు పొడులకూ పచ్చళ్లకూ బాగా పనికివచ్చినా, వాటి బ్లేళ్ల వేడికి మినప్పిండి గుల్లదనం తగ్గుతుంది గనుక చల్లని నీళ్లు పోసి రుబ్బే అలవాటు ఏర్పడింది.

పైన చెప్పిన మార్పులన్నీ మనిషి శ్రమను తగ్గించాయి, పులిసే సమయాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ సమయాన్ని తీసివేసిన మార్గం బెంగళూరులో దొరికింది. 1924లో మొదలై తరువాత మావళ్లి టిఫిన్ రూమ్స్, అంటే ఎంటీఆర్, పేరుతో ప్రసిద్ధమైన హోటలు, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కరవైనప్పుడు గోధుమ రవ్వతో రవ్వ ఇడ్లీని కనిపెట్టినట్లు చెప్పుకుంటుంది. బర్మా జపాను వశమై అక్కడి బియ్యం రాక ఆగిపోయిన రోజులవి. పెరుగు పులుపుకు సోడా తోడై రవ్వ ఇడ్లీ అప్పటికప్పుడే పొంగుతుంది. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో హోటలు ధరలపై విధించిన కట్టుబాట్లు గిట్టుబాటు కాక ఆ సంస్థ పొడులు, పొట్లాల్లో మిక్సుల వ్యాపారం వైపు మళ్లింది. అంతకు ముందే, 1963లో, పుణేలో గిట్స్ సంస్థ ఇదే బాట పట్టి ఉంది. నీళ్లో పెరుగో కలిపితే పదిహేను నిమిషాల్లో ఇడ్లీ పెట్టగల ఈ మిక్సులు పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే ఇంటికి నిజమైన ఆసరా. కానీ రాత్రంతా పులిసిన పిండిలో సూక్ష్మజీవులు తెచ్చే పులుపు, పరిమళం, సులువుగా అరిగే గుణం సోడా ఇవ్వలేనివి.

ఆ లోటును తీర్చింది రుబ్బి పెట్టిన తడి పిండి. గ్రైండరున్న ఇల్లాలు వీధిలో వారికి గిన్నె కొలతన పిండి అమ్మడం నగరాల్లో కనిపించే పద్ధతి. దాన్నే పెద్ద ఎత్తున పొట్లం కట్టి అమ్మే వ్యాపారాన్ని 2005లో బెంగళూరులో పి.సి. ముస్తఫా, ఆయన బంధువులు ఐడీ ఫ్రెష్ పేరుతో ప్రారంభించారు. ఈ సరుకుకు ప్రాణముంది: పొట్లంలో కూడా పులుస్తూనే ఉంటుంది, వాయువు చేరి సంచి ఉబ్బుతుంది, అందుకే తయారీ నుంచి ఇంటి ఫ్రిజ్ దాకా చల్లదనం తెగకూడదు. కొన్నవారు ఒక రోజు బయట పెడితే మరింత పులుస్తుంది, చల్లగా ఉంచితే నిలుస్తుంది. కాలం చేసే పని ఇలా మళ్లీ వంటింటి అదుపులోకి వచ్చింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఎక్కువ చిక్కు పెట్టింది కూడా ఈ పులిసే దశే. 1974లో షికాగోలో మొదలైన పటేల్ బ్రదర్స్ వంటి భారతీయ కిరాణా దుకాణాల్లో ఇడ్లీ రవ్వ, మినపగుళ్లు పొట్లాల్లో దొరుకుతున్నా, పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడీస్ వంటి సూక్ష్మజీవులు చలికి మందగిస్తాయి గనుక శీతకాలపు వంటింట్లో పిండి తెల్లారేదాకా కదలదు. దానికి అక్కడి గృహిణులు కనుగొన్న ఉపాయం సరళమైనది: రుబ్బిన పిండిని పెద్ద గిన్నెలో పోసి, ఓవెన్‌ను వేడి చేయకుండా అందులోని దీపం ఒక్కటే వెలిగించి, ఆ దీపపు వెచ్చదనంలో గిన్నెను రాత్రంతా ఉంచి తలుపు మూస్తారు.