రైలు రాని ఊరు: నికొడీమస్

కాన్సస్ రాష్ట్రపు వాయవ్య మైదానాల్లో, 24వ నంబరు యు.ఎస్. రహదారి పక్కన నికొడీమస్ అనే చిన్న ఊరుంది. ఒక సున్నపురాతి సభాభవనం, రెండు పాత చర్చిలు, ఒకప్పటి హోటలు, ఒక బడి. కారులో వెళ్లేవారు ఊరిని గమనించేలోపే దాటిపోతారు. అయినా బానిసత్వపు చెర వదిలిన నల్లవారు మిసిసిపీకి పడమట స్థాపించుకున్న తొలి ఊళ్లలో నేటికీ నిలిచి ఉన్నది ఇదే.

అంతర్యుద్ధం ముగిసిన పన్నెండేళ్లకు దక్షిణాది నల్లవారికి ఓటూ భూమీ రెండూ అందరాని పళ్లే అయ్యాయి. 1877లో డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు కలిసి నికొడీమస్‌కు పథకం వేశారు. సారవంతమైన నేల, ఇంటి స్థలానికి అయిదు డాలర్లు అంటూ కరపత్రాలు కెంటకీ దాకా వెళ్లాయి. ఆ ఏడాది శరత్తులోనే అక్కడి నుంచి మూడు వందల మందికి పైగా తరలివచ్చారు. కరపత్రం చెప్పని సంగతి ఒకటుంది: ఆ మైదానంలో ఇల్లు కట్టడానికి కలప లేదు.

విలియానా హిక్‌మన్ 1878 వసంతంలో కుటుంబంతో వచ్చింది. రైలు ఎల్లిస్ వరకే. అక్కడి నుంచి బళ్ల ప్రయాణం. అదిగో నికొడీమస్ అని మగవాళ్లు చూపిస్తే ఆమెకు కనిపించింది నేలలోంచి లేస్తున్న పొగ మాత్రమే. జనం గోతులు తవ్వుకుని వాటిలో కాపురముంటున్నారు. అది చూసి ఏడ్చేశానని ఆమె దశాబ్దాల తరవాత చెప్పుకుంది. మొదటి చలికాలంలో, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ తెగవారు మాంసం పంచి ఆదుకున్నారని ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. వచ్చినవారిలో కొందరు వెనుదిరిగారు. మిగిలినవారికి అరకలూ గుర్రాలూ కరువు. పారలతో, గునపాలతో గడ్డినేలను పెళ్లగించారు.

పదేళ్లలో దుకాణాలూ బ్యాంకూ వచ్చాయి. వెస్టర్న్ సైక్లోన్, ఎంటర్‌ప్రైజ్ అనే రెండు పత్రికలు వెలువడ్డాయి. ఈ ఊరి ద్వారా రాజకీయాల్లోకి వచ్చిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా గెలిచాడు. ఆనాటి కాన్సస్‌లో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి నల్లజాతీయుడతడే. ఇక కావలసింది రైలు. మిస్సోరీ పసిఫిక్ కంపెనీని రప్పించడానికి 1887లో 16,000 డాలర్ల బాండ్లకు ఓటు వేశారు. ఆ కంపెనీ రాలేదు. యూనియన్ పసిఫిక్ పట్టాలు వేసింది గాని, సాలమన్ నదికి అవతలి ఒడ్డున. 1888లో వ్యాపారులు నది దాటి రైల్వే శిబిరానికి తరలిపోయారు. అదే తరవాత బోగ్ అనే ఊరయింది. పత్రికలు రెండూ ఆగిపోయాయి.

చరిత్రకారులు చాలామంది నికొడీమస్ కథను ఈ రైలు దగ్గరే ముగిస్తారు. అది తొందరపాటు. రైలు తప్పిన ఇతర మైదానపు ఊళ్లు అనేకం పటం నుంచే చెరిగిపోయాయి, ఇది చెరగలేదు. వ్యాపారులు పోయినా చుట్టూ సొంత పొలాలున్న రైతులు మిగిలారు. వారికి ఊరంటే చర్చి, బడి, ఏటేటా జరిగే విమోచన దినోత్సవం.

ఆ పండుగ తేదీ ఆసక్తికరమైనది. బ్రిటిష్ కరిబియన్ దీవుల్లో 1834 ఆగస్టు 1న అమలుకు వచ్చిన బానిసత్వ రద్దును వారు ఎంచుకున్నారు. లింకన్ జనవరి 1 ప్రకటనను ఎందుకు కాదు? ఆగస్టు 1ని జరుపుకోవడం ఉత్తరాది నల్లవారిలో అప్పటికే ఉన్న ఆచారం. మరొకటీ తట్టక మానదు: యూనియన్‌ను వీడని కెంటకీకి లింకన్ ప్రకటన వర్తించలేదు. అక్కడివారికి విడుదల దొరికింది 1865 డిసెంబరులో, రాజ్యాంగ సవరణతో. పైగా కాన్సస్ జనవరి చలిలో ఆరుబయట విందు ఎవరు చేస్తారు?

1930ల కరువూ దుమ్ము తుపానులూ రైతులనూ తరిమాయి. 1939లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద కట్టిన సభాభవనం, ఖాళీ అవుతున్న ఊరికే దక్కింది. 1953లో తపాలా కార్యాలయం మూతపడింది. పిల్లలు డెన్వర్‌కో టొపీకాకో వెళ్లి స్థిరపడ్డారు. అయితే జులై చివర పండుగకు రావడం మానలేదు. దాని పేరు మాత్రం క్రమంగా హోంకమింగ్ అయింది.

1996లో అమెరికా పార్లమెంటు ఆ అయిదు కట్టడాలనూ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. 2020 జనగణనలో ఊరి జనాభా ఇరవైకి లోపే. ప్రతి వేసవిలో ఆ వారాంతాన మాత్రం వందల మంది వస్తారు: శనివారం ఊరేగింపు, ఆదివారం ప్రార్థన, మనవలకు తాతల పొలాలు చూపించడం. సోమవారానికి కార్లన్నీ తిరిగి రహదారి ఎక్కుతాయి.