తన్ను తెలియని తుపాకి

వ్యాఘ్రముల వేటలో లోకప్రసిద్ధి గాంచిన జిమ్ కార్బెట్‌కు బాల్యమున దక్కిన తొలి తుపాకి, మూతినుండి మందు దట్టించు ఒక ముదుసలి జోడుగొట్టముల ఆయుధము. దాని కుడిగొట్టము చీలియుండెను. గొట్టములును కొయ్యయు విడిపోకుండ ఇత్తడి తీగతో చుట్టి బిగించియుండిరి. ఆ శిథిలాయుధముతో అడవిలో అక్షరాభ్యాసము చేసిన బాలుడు, పదియవ యేట నైనీతాల్ పాఠశాల క్యాడెట్ల దళమున చేరి, చూడవచ్చిన పెద్దల యెదుట గురి నిరూపించి మెప్పుగొని, సైనికులు వాడు .450 మార్టినీ రైఫిలును ఎరువుగా సంపాదించెను. ఆ పెద్దలలో ఒకడు, అనంతరకాలమున లార్డ్ రాబర్ట్స్‌గా ఖ్యాతికెక్కిన సేనాని. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. చిన్న తుపాకి చరిత్రలో అతడు మరల ఎదురుపడును.

మార్టినీ రైఫిలు పదేండ్ల పిల్లవానికి ఈయదగిన వస్తువు కానేకాదు. 1871లో బ్రిటిషు సేన స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకి, 85 గ్రెయినుల నల్లమందుతో 480 గ్రెయినుల, అనగా సుమారు 31 గ్రాముల సీసపు గుండును విసరెడిది. గుండు ముందునకు ఎంత వేగముతో, ఎంత బరువుతో సాగునో, తుపాకి అంత బలముతో వెనుకకు వచ్చుననుట న్యూటను చెప్పిన ధర్మమే. కావున యుద్ధరంగమున వరుసగా కాల్చిన సిపాయిల భుజములు కమిలి నల్లబడెడివి. గొట్టము వేడికి చేయి కాలకుండ దాని అడుగు కొయ్యకు తోలు కుట్టుకొనెడివారు. పెద్దవాడైన పిమ్మట కార్బెట్ ‘జంగిల్ లోర్’ గ్రంథమున ఈ తుపాకి తన్నును స్మరింపకపోలేదు.

భుజము కమిలినచో నాలుగు దినములలో మానును. మనస్సు కమిలినచో అట్లు మానదు. ఒక్కసారి గట్టిగా తన్నించుకొన్న నవశిష్యుడు, రెండవమారు ట్రిగ్గరుపై వ్రేలు మోపగానే రాబోవు దెబ్బను తలచుకొని, తనకు తెలియకయే కన్నులు మూసి, భుజము బిగించి, ట్రిగ్గరును మెల్లగా నొక్కుటకు మారు గుంజివేయును; గుండు గురినుండి తొలగిపోవును. అనుభవజ్ఞులగు శిక్షకులు ఈ దోషమును బయటపెట్టుటకు మందులేని ఉత్తుత్తి తూటాను తక్కినవాటి నడుమ రహస్యముగా చొప్పింతురు. ఆ తూటా వంతు రాగానే తుపాకి ప్రేలదు, తన్నదు. అయినను గొట్టపు మొన క్రిందికి దిగజారుట చుట్టునున్నవారందరు చూతురు. అప్పుడు శిష్యునికి వేరే ఉపన్యాసము అక్కరలేదు.

గురి నేర్చుటకు తన్నని చిన్న తుపాకియే మేలను ఈ విషయము సామ్రాజ్యములకు ఆలస్యముగా తెలిసినది. 1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాయందు, 7 మి.మీ. మౌజరు రైఫిళ్లు పట్టిన బోయరు రైతులు ఒక్క వారములోనే బ్రిటిషు సేనలను మూడుచోట్ల చావుదెబ్బ తీసిరి. వారిలో అనేకులు చిన్ననాటనుండి వేటలో చేయి తిరిగినవారు. వానిలో ఒకటైన కొలెన్సో యుద్ధమున గాయపడి మరణించినవారిలో రాబర్ట్స్‌కు మిగిలియున్న ఏకైక పుత్రుడు కూడ ఉండెను. ఆ పుత్రశోకముతోనే వృద్ధసేనాని అచ్చటి సైన్యాధిపత్యమునకు పయనమయ్యెను. మరలివచ్చిన పిమ్మట సామాన్య పౌరులకు గురి నేర్పవలెనను ఉద్యమమునకు అతడు అండగా నిలిచెను. 1901లో మొదలైన ఆ ఉద్యమపు రైఫిల్ క్లబ్బులలో గుమాస్తాలు, కార్మికులు సాయంకాలపు వేళల కాల్చుట నేర్చిరి. పట్టణమధ్యమున, పరిమితమైన స్థలములో, స్వల్పవ్యయముతో నేర్వవలెనన్న వారికి సేన తుపాకి పనికిరాదు. అట్లు ‘పాయింట్ టూటూ’ అనబడు .22 అంగుళపు గొట్టముగల చిన్న తుపాకికి ప్రాధాన్యము వచ్చినది.

ఈ చిన్న తూటా వంశావళి 1845 నాటి ఫ్రెంచివాడు ఫ్లోబెర్ట్‌తో మొదలగును. 1857లో స్మిత్ అండ్ వెసన్, 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ దానిని పెంపొందించి, నేటికిని వాడుకలోనున్న ‘.22 లాంగ్ రైఫిల్’ రూపమునకు తెచ్చిరి. దాని గుండు బరువు 40 గ్రెయినులు, మన లెక్కకు 2.6 గ్రాములు. బ్రిటిషు ఆయుధశాలలవారు ఇంకొక యుక్తి చేసిరి: .303 ఎన్‌ఫీల్డు సైనిక రైఫిలును, బరువును గురిచూచు అమరికలను ఇంచుమించుగా యథాతథముగానుంచి, పాయింట్ టూటూ గొట్టముతో సిద్ధపరచిరి. నాలుగు కిలోల ఆ తుపాకిలో చిన్న తూటా తన్ను, .303 తన్నులో నూరవ వంతునైనను అందుకొనదు. సిపాయి పట్టునది అసలు తుపాకి బరువు, భుజమునకు తగులునది దాదాపు శూన్యము! యుద్ధపు ఖర్చులో పుట్టిన తెలివితేటలలో దీనికి పెద్దపీట వేయవలసినదే.

మరల కార్బెట్ కథకు వత్తము. 1907లో చంపావత్ నరభక్షక వ్యాఘ్రిని సంహరించినందుకు బ్రిటిషిండియాలోని సంయుక్త పరగణాల (యునైటెడ్ ప్రావిన్సెస్) లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ అతనికి బహూకరించినది లండను రిగ్బీ కంపెనీవారి .275 రైఫిలు. దాని తూటా బోయరుల మౌజరు తూటాయే. తన్ను మితము, గురి సూటి. 1926లో రుద్రప్రయాగ చిరుతను చీకటిలో కూల్చినది ఆ తుపాకియే. బరువైన .450/400 జోడుగొట్టముల తుపాకి కార్బెట్ వద్ద లేకపోలేదు. చేయి నమ్మినది మాత్రము తేలికైనదానిని.

మన దేశమున 1948 చట్టముతో ఏర్పడిన ఎన్.సి.సి.లో తెలుగు విద్యార్థులెందరికో మొదటి కాల్పు పాయింట్ టూటూతోనే. నేలపై బోర్లపడి, అయిదు తూటాలు కాల్చి, అవి ఎంత దగ్గరగా పడెనో చూపు కాగితమును గర్వముగా దాచుకొన్నవారు మన యిండ్లలో ఉందురు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సున కాంస్యము గెలిచినది 10 మీటర్ల ఎయిర్ రైఫిలుతో. అందులో మందే లేదు, 4.5 మి.మీ. గుళికను గాలి నెట్టును.

కావున పిల్లలను ఈ క్రీడకు పంపదలచిన తల్లిదండ్రులకు ఒక మనవి. మొదట ఎయిర్ రైఫిలు, అటుపిమ్మట శిక్షకుని సన్నిధిని పాయింట్ టూటూ. తుపాకి మడమ పొడవు పిల్లవాని చేతికి సరిపోవునో లేదో పట్టించి చూడుడు, అతితేలికదానికై ఆశపడకుడు, ఏలయన తన్నును మ్రింగునది తుపాకి బరువే. పాయింట్ టూటూ తూటాయైనను ప్రాణాంతకమే. మన దేశమున దానికి 1959 ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు వలయును. దుకాణమునకు పోకముందే గుర్తింపుగల రైఫిల్ క్లబ్బును విచారింపుడు.