అటకమీది తుపాకీ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. గుళ్ల చరిత్ర, చెరువుల చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఉద్యోగంలో చాలా ఏళ్లు మోసిన ఒక రిజిస్టరు గురించి రాస్తున్నాను. అది తుపాకీ లైసెన్సుల రిజిస్టరు.

మన వెలిగండ్ల ఆనాడు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. జిల్లాలు మారినా అడవి పందులు మారలేదు. వెలిగొండల కింద, నల్లమల అంచున కంది, వేరుశనగ, సజ్జ వేసిన రైతు రాత్రంతా మంచె మీద డబ్బా వాయిస్తూ కూర్చోవలసిందే. కాస్త కలిగిన ఇంట మూతిలోనుంచి మందు కూరే తుపాకీ ఒకటి ఉండేది. పొద్దుగూకాక ఒకసారి గాలిలోకి పేలిస్తే ఊరికి ధైర్యం, పందికి భయం. ఆ తుపాకీకి కాగితం ఉండాలనే నియమం వెనుక పెద్ద కథే ఉన్నది.

1857 తిరుగుబాటు తరువాత తెల్లదొరలకు మనవాళ్ల చేతిలో ఆయుధమంటే దడ పట్టుకుంది. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకీ పట్టరాదు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. అంటే ఆ చట్టం చూసింది మనిషి ఎలాంటివాడన్నది కాదు, ఒంటి రంగు. కాంగ్రెసు మహాసభలు ఏటేటా దీన్ని ఆక్షేపించాయి. మన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22 నుండి వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి 26 తుపాకులు, 2500 తూటాలు పట్టుకుపోయాడు. పట్టుకుపోయిన వాటి లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేశాడని చెబుతారు. రికార్డు విలువ తెలిసిన మనబోటి గుమాస్తాలకు ఆ ముచ్చట ఎప్పుడూ ఇష్టమే.

అహింసామూర్తి గాంధీజీ కూడా ఈ విషయం వదలలేదన్నది చాలామందికి తెలియదు. 1930 జనవరిలో వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికలలో, ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలోనూ నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు చేర్చారు. అయితే 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో కామత్ గారు దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ తెస్తే సభ ఒప్పుకోలేదు. దేశ విభజన నెత్తురు అప్పటికింకా ఆరలేదు. వారు తప్పు చేశారని నేననుకోను.

హక్కును రాజ్యాంగంలో పెట్టకపోయినా, మామూలు మనిషిని చట్టం మరచిపోలేదు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలుకు వచ్చింది. దాని 13వ సెక్షను నేను బల్లమీద పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పంట రక్షణకు నిజంగా అవసరమైతే మూతిమందు తుపాకీకి, ఆత్మరక్షణకో క్రీడకో అయితే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు నాలి తుపాకీకి అధికారి లైసెన్సు ఇవ్వాలనే రాశారు. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి! నిరాకరించాలంటే 14వ సెక్షను కారణాలు ఉండాలి: మతి స్థిమితం లేకపోవడం, ప్రజల భద్రతకు ముప్పు వంటివి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదు. రద్దు చేస్తే కారణం కాగితం మీద పెట్టాలి. పై అధికారికి అప్పీలు ఉంది. 1878 చట్టానికీ దీనికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

అడవి దగ్గరవారికి మరొక కట్టు ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపున ఉన్న లైసెన్సుదారు తన పేరు అటవీశాఖ వద్ద నమోదు చేయించుకోవాలి. కొత్త లైసెన్సుకు వారి సమ్మతి కావాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉన్న గ్రామాల వారికి ఇది వర్తించేది. పంట కాపాడుకునే లైసెన్సు వేటకు లైసెన్సు కాదని ఎంత చెప్పినా కొందరి చెవికెక్కేది కాదు.

1983 సవరణలో మనిషికి మూడు తుపాకులు మించరాదన్నారు. 2019 సవరణలో ఆ మూడు రెండయ్యాయి; మిగిలినది అప్పగించడానికి ఏడాది గడువిచ్చారు. లైసెన్సు కాలం మాత్రం మూడేళ్ల నుండి అయిదేళ్లకు పెంచారు. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకి కాల్చి పక్కవాడి ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు ఇదివరలో లైసెన్సున్న వారందరి తుపాకులూ స్టేషనుకు తెప్పించుకునే అలవాటుండేది. బొంబాయి హైకోర్టు తీర్పు తరువాత 2009లో ఎన్నికల సంఘం పద్ధతి మార్చింది. ఇప్పుడు కమిటీ ఒక్కొక్కరి సంగతి విచారించి, బెయిలు మీద ఉన్నవారు, కేసులు, గొడవల చరిత్ర ఉన్నవారి తుపాకులు పట్టించాలి. రసీదు ఇచ్చి, ఎన్నికలయ్యాక తిరిగి ఇవ్వాలి. ఇది న్యాయమనే నా అభిప్రాయం. మా పడమటి ఊళ్లలో ముఠా తగాదాలు చూసినవారికి తెలుసు, అక్కడ పేలింది చాలావరకు కాగితమున్న తుపాకీ కాదు, ఏ రిజిస్టరుకూ ఎక్కని నాటుబాంబు. అయినా కాగితమున్న తుపాకీ కూడా కోపిష్టి చేతికి చిక్కితే కాగితం ఆపదు కదా!

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు గనుక ఒక్క మాట. అక్కడ 1791 నుండి ఆయుధం ఉంచుకోవడం రాజ్యాంగ హక్కు. 1993 బ్రాడీ చట్టంతో లైసెన్సు దుకాణంలో కొనేవాడి పూర్వాపరాలు చూడటం వచ్చింది. దానికీ తప్పించుకునే దారులు ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరు ఒకరు తుపాకీకి బలైనప్పుడు, ఇక్కడి తల్లిదండ్రులు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు.

ఇక నా ఇంటి సంగతి. వెలిగండ్ల దగ్గర మా మేనమామ గారికి ఏకనాలి తుపాకీ ఉండేది. ఆయన పోయాక దాన్ని గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టారు. లైసెన్సు గడువు తీరింది. ఊరందరి రిజిస్టరు చూసిన నేను, మా ఇంటి తుపాకీ సంగతి అడగనే లేదు. కొన్నేళ్లకు ఆయన కొడుకులిద్దరి మధ్య గట్టు తగాదా వచ్చింది. పెద్దమనుషుల ఎదుట చిన్నవాడు నోరు జారాడు: "అటక మీద నాన్న తుపాకీ ఉందిరా, మరిచిపోకు!" నా గుండె ఆగినంత పనైంది. ఆ వారంలోనే ఎన్నికల జాబితా పట్టుకుని కానిస్టేబులు వచ్చి, చనిపోయిన మామయ్య పేరు అడిగాడు. నేనే పెద్దవాణ్ణి వెంటబెట్టుకుని స్టేషనులో దాన్ని అప్పగించి రసీదు తీసుకున్నాను.

ఇలాంటిది మీ ఇళ్లల్లో ఉంటే, 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా స్టేషనులో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని జమ చేయాలి. అలా జమ చేసినంత మాత్రాన తుపాకీ పోదు. వారసుడు లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న వారికి అమ్ముకోవచ్చు. గడువు దాటనిస్తేనే ప్రభుత్వపరమవుతుంది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు తన వద్ద ఉన్నా, బతికుండగానే వారసుని పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టించవచ్చు. మనలో 70 దాటనివారు ఎందరు?

మా పెద్దవాడు లైసెన్సుకు పెట్టుకున్నాడు. చిన్నవాడు ఆక్షేపణ పెట్టాడు. చివరకు ఇద్దరూ ఒప్పుకుని డీలరుకు అమ్మి, వచ్చిన డబ్బు చెరిసగం పంచుకున్నారు. గట్టు కేసు మాత్రం ఇంకా కోర్టులోనే ఉంది.