వలసపాలనలో వేటతూటా: ఎంపిక, నియంత్రణ

తెలుగు ప్రబంధకవులు మృగయావర్ణనకు విశేషమైన చోటిచ్చారు. పెద్దన చిత్రించిన స్వరోచి వేట, ధూర్జటి చిత్రించిన తిన్నని వేట ఇందుకు ప్రసిద్ధోదాహరణలు. అక్కడ సాధనాన్ని ఎంచుకోవడం వేటగాని నేర్పుకు సంబంధించిన విషయం. రైఫిలు వచ్చాక అది ప్రభుత్వ శాసనానికి సంబంధించిన విషయమైంది. దుప్పిని ఏ తూటాతో కొట్టాలన్న ప్రశ్నకు వలస భారతంలో సమాధానం చెప్పింది దుప్పి దేహం కాదు, సిపాయి చేతిలోని తుపాకి.

వేట దృష్టితో చూస్తే ఎంపికసూత్రం సరళమే. పోతు దుప్పి సాధారణంగా 100 కిలోలకు లోబడి ఉంటుంది. పోతు కణుజు 200 కిలోలు దాటవచ్చు. రెంటికీ కావలసింది గుండె, ఊపిరితిత్తుల దాకా చొచ్చుకుపోయి లోపల విచ్చుకొనే గుండు. మొన వరకూ లోహపు తొడుగున్న సైనిక గుండు తరచు సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. గాయపడిన మృగం పొదలలో చేరి గంటల తరబడి బాధపడుతుంది. మొన దగ్గర సీసం బయటికి తేలిన గుండు తగలగానే విచ్చుకుంటుంది. ఈ రకానికి లోకప్రసిద్ధి తెచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం. 1890ల చివర .303 గుండును అక్కడ ఆ రీతిలో తయారుచేశారు. 1899 నాటి హేగ్ ప్రకటన అటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. మనిషి విషయంలో క్రౌర్యమైనది మృగం విషయంలో దయ అనిపించుకుంది. రెండు తీర్పులకూ ఆధారం ఒకే గాయం.

1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. అయితే ఆంక్ష తుపాకి మీద ఎంతగా పనిచేసిందో తూటా మీదా అంతగా పనిచేసింది. 1888లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన .303 తూటా దుప్పికి చాలినదే. కెనడాలో దానితో జింకలను విరివిగా వేటాడారు. భారతదేశంలో మాత్రం సాధారణ పౌరునికి దానిని అందనీయలేదు. వేటకని కొన్న తూటా దొంగిలించిన సైనిక రైఫిలులో పేలకూడదు. సైనిక నిల్వలోని తూటా వేట రైఫిలుకు సరిపోకూడదు. 20వ శతాబ్ది తొలి దశకంలో .450 తూటాలపై వచ్చిన నిషేధానికీ మూలం ఇదే. పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్ల కొలత అదే కదా! దానితో ఇంగ్లండు తుపాకి తయారీదారులు .465, .470 వంటి కొత్త కొలతలు కల్పించారు. ఏనుగు వేటకు ఉద్దేశించిన ఆ అంకెల వెనుక ఉన్నది ఏనుగు కాదు.

ఈ భయం వట్టిది కాదని మన్యం నిరూపించింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై, తరువాతి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడిచేసి తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకుపోయింది. తూటా లేని తుపాకి దుడ్డుకర్రతో సమానమని ఇరుపక్షాలకూ తెలుసు.

లైసెన్సుదారునికి అందుబాటులో మిగిలిన వాటిలో ముఖ్యమైనది .315. అది ఆస్ట్రియా-హంగరీ సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా. బ్రిటిష్ సైన్యానిది కాదు గనుకనే అనుమతి పొందింది. 244 గ్రెయిన్ల బరువైన, వేగం తక్కువైన గుండు అది. దూరపు గురికి అంతగా అనువు కాకున్నా, అడవిలో దగ్గరి దెబ్బకు చాలు. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఇదే తూటాకు వేట రైఫిళ్లు తయారుచేసింది. 1959 నాటి కొత్త ఆయుధ చట్టం కింద కూడా .303 నిషిద్ధ బోరుగానే ఉండిపోయింది. పాలకులు మారినా తూటాల జాబితా మారలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దుప్పి వేటను కట్టడిచేసింది. దుప్పి కోసం పుట్టని .315 మాత్రం ఆత్మరక్షణ పేరిట, పంటకాపలా పేరిట లైసెన్సు పుస్తకాలలో కొనసాగుతున్నది.