తూటాల పెట్టె, తూకం: బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ చరిత్రలో ఒక పార్శ్వం

బోల్ట్ యాక్షన్ రైఫిల్ చరిత్రను సాధారణంగా రెండు అంకెలతో చెబుతారు: ఎన్ని తూటాలు పడతాయి, నిమిషానికి ఎన్ని పేల్చవచ్చు. ఇవి సైన్యాల ప్రశ్నలు. 19వ శతాబ్దం చివరి దశకాలలో ఐరోపా ఆయుధ శాఖలు వీటి చుట్టూనే పోటీపడ్డాయి గనుక చరిత్రకారులూ అదే బాట పట్టారు. అయితే అదే యంత్రాంగం వేటగాని చేతికి వచ్చేసరికి కొలబద్ద మారింది. రోజంతా ఒంటిచేత మోసి, రెప్పపాటులో భుజానికెత్తి, ఒకటి రెండు తూటాలతో పని ముగించవలసిన మనిషికి సంఖ్య కంటె తూకం ముఖ్యం. మౌజర్ మ్యాగజైన్ వేటరంగంలో అంతకాలం నిలవడానికి ప్రధాన కారణం అది ఎన్ని తూటాలను పట్టిందన్నది కాదు, వాటి బరువును ఎక్కడ ఉంచిందన్నది.

తూటా అనే మాటను ఈ వ్యాసంలో గుండు, మందు, లోహపు తొడుగు కలిసిన మొత్తానికి వాడడం జరిగింది. ఇక తూకం అంటే మొత్తం బరువు కాదు. గరిమనాభి ఎక్కడ ఉన్నది, దాని చుట్టూ బరువు ఎంత దూరం పరచుకొని ఉన్నది అనే రెండు అంశాలు అందులో ఉన్నాయి. మొదటిది రైఫిల్ చేతిలో నిలిచే తీరును, రెండవది అది తిరిగే తీరును నిర్ణయిస్తాయి. భౌతికశాస్త్రం ఈ రెండవదానిని జడత్వ భ్రామకం అంటుంది. కావడికి రెండు కొసలా కుండలు సమంగా వేలాడినా, మలుపు తిరగడం ఎంత కష్టమో మోసినవారికి తెలుసు.

తొలి మ్యాగజైన్ రైఫిళ్లలో పలువురు నిర్మాతలు తూటాలను బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనుక ఒకటిగా పేర్చారు. జర్మనీ 1871/84 మౌజర్, ఫ్రాన్స్ 1886 లెబెల్ రెండింటికీ గొట్టంలో 8 తూటాలు. లెబెల్ ఖాళీగా సుమారు 4.2 కిలోలు, గొట్టం నిండితే 4.4 కిలోలు. ఆ 200 పైచిలుకు గ్రాములు ఖాళీ రైఫిల్ గరిమనాభికి 20 సెంటీమీటర్లు ముందున్నాయనుకుంటే, గరిమనాభి ఇంచుమించు ఒక సెంటీమీటరు ముందుకు జరుగుతుంది. పేల్చిన కొద్దీ వెనక్కు వస్తుంది. అంటే మొదటి తూటా పేల్చిన రైఫిలూ చివరి తూటా పేల్చిన రైఫిలూ చేతికి ఒకటి కావు. దీనికి తోడు మరో చిక్కు: గొట్టంలో ఒక గుండు మొన ముందున్న తూటా ప్రైమర్‌ను తాకుతుంది. మొన తేలిన గుండ్లు వచ్చాక ఇది ప్రమాదమైంది. గొట్టాన్ని వదులుకోలేని ఫ్రెంచివారు తూటా అడుగున ప్రైమర్ చుట్టూ గాడి తీసి, వెనుక గుండు మొనను అందులో నిలిపారు. తెలివైన ఉపాయమే, కాని తూకపు సమస్యను అది తాకనేలేదు.

జేమ్స్ పారిస్ లీ 1879లో పేటెంటు పొందిన నిలువు పెట్టె బరువును యాక్షన్ కిందికి, రెండు చేతుల నడుమకు తెచ్చింది. గరిమనాభి దాదాపు కదలకుండా నిలిచింది. కాని పెట్టె కర్రను దాటి కిందికి పొడుచుకొచ్చింది. రైఫిల్‌ను చేత వేలాడదీసి నడిచేవాడు పట్టుకునేది సరిగ్గా అక్కడే. సైనికునికి భుజపట్టీ ఉంటుంది కనుక ఇది పెద్ద లోపం కాలేదు. బెల్జియం స్వీకరించిన 1889 మౌజర్‌లో కూడా ఒంటి వరుస పెట్టె ఇలాగే బయటికి కనిపిస్తుంది.

1893లో స్పెయిన్ కోసం చేసిన రైఫిల్‌లో పౌల్ మౌజర్ తూటాలను రెండు వరుసలుగా, ఒకదాని సందులో మరొకటి కూర్చునేలా అమర్చాడు. దీని వెనుక ఉన్నది సరళమైన జ్యామితి. 7×57 మి.మీ. తూటా అడుగు వ్యాసం 12 మి.మీ. ఐదింటిని ఒకే వరుసలో నిలిపితే 60 మి.మీ. లోతు కావాలి. పక్కపక్కనున్న మూడు తూటాల కేంద్రాలు సమబాహు త్రిభుజమయ్యేలా పేర్చితే వెడల్పు వ్యాసానికి 1.866 రెట్లు, అంటే సుమారు 22 మి.మీ. అవుతుంది; లోతు మాత్రం 36 మి.మీ. చాలు. ఆ 24 మిల్లీమీటర్ల ఆదాతోనే పెట్టె మొత్తం కర్రలో ఇమిడిపోయింది. కింద నున్నని పలక మాత్రమే మిగిలింది. సైన్యానికి ఇది క్లిప్పుతో వేగంగా నింపుకునే సౌకర్యం. వేటగానికి అరచేయి చుట్టుకోగల సన్నని నడుము.

రెండో మార్గం ఆస్ట్రియాలో వచ్చింది. 1903 నాటి మాన్‌లిచర్-షోనావర్‌లో 5 తూటాలు తిరిగే ఇరుసు చుట్టూ, ఒక్కొక్కటి తన గాడిలో కూర్చుంటాయి. కేవలం 45 సెంటీమీటర్ల బ్యారెల్‌తో, కొసదాకా కర్ర తొడిగిన దాని వేట రూపం చేతిలో తిరిగే తీరుకు పేరుపొందింది. అయితే ఆ ఇరుసు ఒక్క తూటా కొలతకే సరిపోతుంది. తూటా మారితే ఇరుసూ మారాలి. సొగసులో మౌజర్‌ను మించినా వ్యాప్తిలో వెనుకబడడానికి ఈ పరిమితి కొంత కారణమని భావించవచ్చు.

మౌజర్ పరిష్కారానికి పరీక్ష పెద్ద జంతువుల తూటాలతో వచ్చింది. లండన్‌లోని రిగ్బీ సంస్థ 1911లో తెచ్చిన .416 తూటా అడుగు వ్యాసం 15 మి.మీ. పాత లెక్క ప్రకారం పెట్టె వెడల్పు 28 మి.మీ. కావాలి. యాక్షన్ అంత వెడల్పును సులభంగా ఇవ్వదు కనుక పెట్టె పొట్ట మళ్లీ కిందికి దిగింది. ట్రిగ్గర్ గార్డ్‌ను ఏటవాలుగా ఆ పొట్టలో కలిపి వృత్తిదారులు దానిని అందంగానే దాచారు. ఒక్క అదనపు తూటా కోసం మోసే చోటును వదులుకోవడం, ఎదురుతిరిగే ఏనుగు ముందు అర్థమయ్యే బేరమే.

భారతదేశంలో ఈ చర్చకు చక్కని ఆధారాలు వేట రచనల్లో దొరుకుతాయి. చంపావత్ ఆడపులిని హతమార్చినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహూకరించిన .275 రిగ్బీ మౌజర్ యాక్షన్‌దే, ఆ.275 అన్నది 7×57కు బ్రిటిష్ పేరు. 1930లో చౌగఢ్ ఆడపులి ఎదురైనప్పుడు ఆయన ఎడమచేతిలో పిట్ట గుడ్లున్నాయి. కుడిచేత్తోనే రైఫిల్‌ను ముప్పావు వృత్తం తిప్పి కాల్చవలసి వచ్చింది. పాఠకులు దీనిని ధైర్యసాహసాల ఘట్టంగా చదువుతారు. జడత్వ భ్రామకం ఎక్కువైన ఆయుధంతో ఆ తిప్పుడు ఎంత ఆలస్యమయ్యేదో ఎవరూ అడగలేదు. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్‌ది వేరే దారి. ఆయన వాడిన .405 వించెస్టర్ 1895 లివర్‌తో పనిచేసేది, బోల్ట్ యాక్షన్ కాదు. అయినా గొట్టాన్ని వదిలి, యాక్షన్ కింద ఒంటి వరుస నిలువు పెట్టెను స్వీకరించిన రకం. ఆ పెట్టె కిందికి పొడుచుకొని ఉంటుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మనదేశంలో ఇలాంటి రైఫిళ్లు చాలావరకు వారసత్వ వస్తువులుగా, ప్రదర్శనశాలల సొత్తుగా మిగిలాయి. వాటి వివరపట్టికల్లో సాధారణంగా కనిపించేవి పొడవు, క్యాలిబర్, తూటాల సంఖ్య, నిర్మాత పేరు. తూగే బిందువును ఎవరూ నమోదు చేయరు. పెట్టె ఖాళీగానే అద్దం వెనుకకు చేరుతుంది. ఒక తాడు, ఒక కొలబద్ద, మందు లేని నమూనా తూటాలు ఉంటే ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి ఆ బిందువును గుర్తించవచ్చు. బ్యారెల్ కోసినవి, కర్ర మార్చినవి, తరువాతి కాలంలో టెలిస్కోపు బిగించినవి ముందుగా వేరుచేయాలి. అవి వేటాడిన నాటి తూకాన్ని చూపవు.